దేశ గ్రిడ్‌కు ఏ కరెంటు మేలు? ఎండ, గాలి, నీరు, అణువు, బొగ్గు, గ్యాస్‌ల మధ్య ఎంపిక

సౌర విద్యుత్తే అన్నిటికన్నా చవక అని ఒకరంటారు. మరి రాత్రికి ఏం చేస్తారని ఇంకొకరు అడుగుతారు. ఇద్దరి మాటా నిజమే, అయినా వాదన అక్కడి నుంచి అంగుళం కదలదు. ఒకరి మనసులో ఉన్నది ఏడాది మొత్తానికి వచ్చే యూనిట్లు, ఇంకొకరి మనసులో ఉన్నది రాత్రి ఎనిమిదింటికి కావలసిన కరెంటు.

దేశమంతటికీ కరెంటు ఇవ్వాల్సిన గ్రిడ్‌కు ఈ రెండు లెక్కలూ కుదరాలి. ఏడాదికి సరిపడా యూనిట్లు రావాలి. ప్రతి గంటలో, ఆ మాటకొస్తే ప్రతి సెకనులో, వాడకానికి తగ్గ ఉత్పత్తి ఉండాలి. అందుకే "ఏ వనరు మంచిది?" అని అడిగే బదులు "ఏ గంటకు ఏది ఆదుకుంటుంది, అందుకు మనం ఏం ఇచ్చుకోవాలి?" అని అడిగితే మాట ముందుకు సాగుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవాళ కొత్తగా కట్టే సామర్థ్యంలో సింహభాగం ఎండదీ గాలిదీ కావాలి. అయితే వాటి పక్కన ఇంకేం కట్టాలో చెప్పని పథకాన్ని మాత్రం నమ్మకూడదు. ఎందుకో వివరంగా చూద్దాం.

## తూచే ముందు తెలియాల్సినవి

మొదటిది మెగావాట్లకూ యూనిట్లకూ ఉన్న తేడా. వార్తల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెలన్నీ స్థాపిత సామర్థ్యానివి, అంటే ఆ కేంద్రం పూర్తి జోరు మీద ఉంటే ఇవ్వగలిగింది. ఒక మెగావాట్ కేంద్రం ఏడాదిలోని 8,760 గంటలూ ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు వస్తాయి. ఎండ బాగా కాసే చోట కూడా సౌర కేంద్రం అందులో 20 శాతమే ఇస్తుంది, అంటే సుమారు 17.5 లక్షల యూనిట్లు. బాగా నడిచే అణు కేంద్రం 90 శాతం ఇస్తుంది, అంటే సుమారు 79 లక్షలు. 2024 చివరికి జర్మనీలో దాదాపు లక్ష మెగావాట్ల సౌర ఫలకాలు ఉన్నా, ఆ ఏడాది ఆ దేశపు కరెంటులో వాటి వాటా ఏడో వంతు దగ్గరే ఆగింది. సౌర విద్యుత్తును తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. మెగావాట్లను మెగావాట్లతో పోల్చి తీర్పు ఇచ్చేస్తే లెక్క నాలుగింతలు తప్పుతుంది, అందుకని చెబుతున్నాను.

రెండోది, పిలిస్తే పలికే గుణం. సాయంత్రం ఆరున్నరకు ఇంకో వెయ్యి మెగావాట్లు కావాలంటే ఏ కేంద్రం ఇస్తుంది, ఎంతసేపట్లో ఇస్తుంది?

మూడోది, గ్రిడ్ నిలకడ. ఇది చాలామంది చర్చల్లోకి రాదు గానీ ఇంజినీర్లకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు పూర్తి చేసే ఆవృత్తుల సంఖ్య, చాలా దేశాల్లో 50 హెర్ట్జ్, ఉత్తర అమెరికాలో 60. వాడకం ఉత్పత్తిని మించితే అది పడిపోతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. కొద్దిపాటి తేడాకే రక్షణ పరికరాలు కేంద్రాలను గ్రిడ్ నుంచి విడదీస్తాయి. బొగ్గు, గ్యాస్, జల, అణు కేంద్రాలు అన్నిటిలోనూ భారీ టర్బైన్లు, జనరేటర్ రోటర్లు గ్రిడ్‌తో కలిసి ఒకే లయలో తిరుగుతుంటాయి. ఎక్కడో ఒక ఉత్పత్తి యూనిట్ ట్రిప్పయితే, అంటే హఠాత్తుగా ఆగిపోతే, తిరుగుతున్న ఆ బరువంతా తన వేగంలోంచి కొంత శక్తిని తక్షణం గ్రిడ్‌కు ఇస్తుంది. ఆ కొద్ది సెకన్ల వ్యవధిలో మిగతా కేంద్రాలు ఉత్పత్తి పెంచుకుంటాయి. సౌర ఫలకాలు, బ్యాటరీలు, ఎక్కువ శాతం కొత్త గాలిమరలు ఎలక్ట్రానిక్ ఇన్వర్టర్ల ద్వారా గ్రిడ్‌కు కలుస్తాయి కాబట్టి ఆ తిరిగే బరువు వాటి నుంచి దానంతటది రాదు. దాన్ని వేరే విధంగా సమకూర్చుకోవాలి.

నాలుగోది ఖర్చు. కట్టడానికి అయ్యేది ఒకటి, ఇంధనానికి అయ్యేది ఇంకొకటి, తయారైన కరెంటును నిలకడగా ఇంటిదాకా చేర్చడానికి అయ్యేది మూడోది. మూడోదంటే లైన్లు, నిల్వ, ఆపద్ధర్మంగా ఉంచుకునే కేంద్రాలు. సౌర విద్యుత్తును సమర్థించేవాళ్లు ఈ మూడో ఖర్చును మరిచిపోతుంటారు, బొగ్గును సమర్థించేవాళ్లు రెండోదాన్ని, అణు విద్యుత్తును సమర్థించేవాళ్లు మొదటిదాని మీద పడే వడ్డీని.

వీటితో పాటు కర్బన ఉద్గారాలు, జనం ఆరోగ్యం, భూమి, నీరు, ఇంధనం కోసం ఎవరి మీద ఆధారపడాలి అన్నవీ ఉన్నాయి. అవి ఏ వనరు దగ్గర ముఖ్యమైతే అక్కడ మాట్లాడుకుందాం.

| వనరు | ఏడాదిలో సగటున ఇచ్చేది (సామర్థ్యంలో శాతం) | యూనిట్‌కు కార్బన్ డయాక్సైడ్ (గ్రాములు) | పిలిస్తే పలుకుతుందా? | కట్టడానికి పట్టే కాలం |
|---|---|---|---|---|
| సౌర | 10–25 | 40–50 | ఎండ ఉంటేనే | 1–2 ఏళ్లు |
| గాలి, నేల మీద | 25–40 | 11 | గాలి ఉంటేనే | 1–3 ఏళ్లు |
| గాలి, సముద్రంలో | 40–50 | 12 | గాలి ఉంటేనే | 3–5 ఏళ్లు |
| జల (జలాశయంతో) | 35–55 | 24 | నిమిషాల్లో, నీళ్లుంటే | 5–10 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ |
| అణు | 80–90 | 12 | ఎప్పుడూ ఉంటుంది, త్వరగా పెంచి తగ్గించడం కష్టం | 6–18 ఏళ్లు |
| బొగ్గు | 50–80 | 820 | పలుకుతుంది, నెమ్మదిగా | 4–7 ఏళ్లు |
| గ్యాస్ | అవసరాన్ని బట్టి | 490 | నిమిషాల నుంచి గంటల్లో | 2–4 ఏళ్లు |

కర్బన అంకెలు ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2014 నివేదికలోని మధ్యస్థ అంచనాలు. గని తవ్వకం, ఫలకాల తయారీ, సిమెంటు, కూల్చివేత అన్నీ వాటిలో కలిసి ఉన్నాయి. "సౌర ఫలకాల తయారీకి అయ్యే కాలుష్యం సంగతేంటి?" అని అడిగేవాళ్లకు జవాబు ఆ గడిలోనే ఉంది. తయారీని కలిపి లెక్కేసినా బొగ్గుతో పోలిస్తే పదిహేనో వంతు దాటదు.

## ఎండ, గాలి

ధర విషయంలో వాదన ముగిసినట్టే. 2010 నుంచి 2020 వరకు పదేళ్లలో సౌర ఫలకాల ధర దాదాపు తొంభై శాతం పడిపోయింది. ఎండ బాగా కాసే చోట, అప్పు తక్కువ వడ్డీకి దొరికితే, కొత్త సౌర కేంద్రం కంటే చవకగా యూనిట్ ఇవ్వడం మరి దేనికైనా కష్టమే. ఇంధనం కొనే పని లేదు, పొగ లేదు, నీటి ఖర్చు నామమాత్రం. స్థలమూ లైనూ సిద్ధంగా ఉంటే ఏడాదిలో కరెంటు వస్తుంది. పైకప్పు మీద రెండు కిలోవాట్ల నుంచి ఎడారిలో రెండు వేల మెగావాట్ల దాకా ఎంతయినా కట్టుకోవచ్చు. ఈ సౌలభ్యం మరే వనరుకూ లేదు.

చిక్కు సాయంత్రం మొదలవుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గ్రిడ్‌లో సౌర కరెంటు పొంగిపొర్లుతూ ఉంటుంది. మిగతా కేంద్రాలను ఎంత తగ్గించగలిగితే అంత తగ్గిస్తారు. అప్పటికీ మిగిలితే సౌర కేంద్రాలనే కొంతసేపు ఆపమంటారు. నాలుగు దాటాక ఎండ దిగుతుంది. జనం ఇళ్లకు చేరేది, లైట్లు, ఏసీలు, వంటింట్లో పరికరాలు ఆన్ అయ్యేది కూడా దాదాపు అప్పుడే. మూడు గంటల వ్యవధిలో ఒకవైపు వేల మెగావాట్ల ఉత్పత్తి దిగిపోతుంది, మరోవైపు లోడ్, అంటే వాడకం, ఎక్కుతుంది. ఆ ఖాళీని ఏదో ఒకటి పూడ్చాలి. కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లో ఈ మార్పును గ్రాఫ్‌గా గీస్తే అది బాతు ఆకారంలో వచ్చింది. అప్పటి నుంచి దానికి డక్ కర్వ్ అన్న పేరు స్థిరపడింది.

అదే కాలిఫోర్నియా ఇప్పుడు ఆ సాయంత్రాన్ని బ్యాటరీలతో దాటుతోంది. 2024లో అక్కడి గ్రిడ్ బ్యాటరీల సామర్థ్యం పది వేల మెగావాట్లు మించింది. ఆ ఏడాది వసంతంలో కొన్ని సాయంత్రాలు, కొంతసేపయినా, మొత్తం గ్రిడ్‌కు అందరికన్నా ఎక్కువ కరెంటు ఇచ్చింది బ్యాటరీలే. లిథియం బ్యాటరీ ప్యాక్ ధర 2010తో పోలిస్తే దాదాపు పదో వంతుకు దిగడం వల్లే ఇది కుదిరింది. పదేళ్ల క్రితం "నిల్వ ఎలా?" అన్న ప్రశ్న దగ్గర చర్చ ఆగిపోయేది. ఇవాళ అడగాల్సింది "ఎన్ని గంటల నిల్వ?" అని.

ఆ ప్రశ్నకు జవాబు దొరికే చోటు చలికాలం. గ్రిడ్ బ్యాటరీలు ఎక్కువగా రెండు నుంచి నాలుగు గంటలు పూర్తి సామర్థ్యంతో ఇచ్చేలా కడుతున్నారు. మధ్యాహ్నపు ఎండను రాత్రికి చేర్చడానికి అది చాలు. వారం పాటు మబ్బు పట్టి, గాలి కూడా కదలకపోతే చాలదు. ఉత్తర ఐరోపాలో ఇలాంటి రోజులు ప్రతి చలికాలంలో వస్తాయి. జర్మన్లు దాన్ని డుంకెల్‌ఫ్లౌటె అంటారు. 2024 డిసెంబరు 12 సాయంత్రం అక్కడి టోకు మార్కెట్లో ఒక గంటకు కరెంటు ధర మెగావాట్ అవర్‌కు (వెయ్యి యూనిట్లకు) 900 యూరోలు దాటింది. అప్పటికే సూర్యుడు అస్తమించాడు. ఆ లక్ష మెగావాట్ల ఫలకాల నుంచి వస్తున్నది దాదాపు సున్నా.

గాలి ఈ విషయంలో ఎండకు మంచి జోడు. రాత్రిళ్లూ వీస్తుంది. ఐరోపాలో చలికాలంలోనే ఎక్కువ, రుతుపవన దేశాల్లో మబ్బులు కమ్మే నెలల్లోనే ఎక్కువ. డెన్మార్క్ తన కరెంటులో సగానికి పైగా గాలి నుంచే తీసుకుంటోంది. అయితే ఆ విజయంలో పొరుగువాళ్ల పాత్ర పెద్దది. గాలి మిగిలినప్పుడు డెన్మార్క్ నార్వేకు, స్వీడన్‌కు, జర్మనీకి పంపుతుంది, తగ్గినప్పుడు తెచ్చుకుంటుంది. నార్వే జలాశయాలు ఆమేరకు ఆ దేశానికి బ్యాటరీలా పనిచేస్తున్నాయి. చుట్టూ లైన్లు లేని దేశం డెన్మార్క్ అంకెను చూపించి అదే చేస్తామంటే కుదరదు.

భూమి సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక మెగావాట్ సౌర కేంద్రానికి నాలుగైదు ఎకరాలు పడుతుంది. వెయ్యి మెగావాట్ల అణు కేంద్రం ఇచ్చినన్ని యూనిట్లు కావాలంటే నాలుగున్నర వేల మెగావాట్ల సౌర సామర్థ్యం వేయాలి, అంటే ఇరవై వేల ఎకరాల పైమాట. ఎడారి ఉన్న దేశానికి అదొక లెక్కే కాదు. ప్రతి గజమూ సాగులో ఉన్న దేశానికి పెద్ద లెక్క. ఫలకాల తయారీలో ప్రతి దశలోనూ ఎనభై శాతానికి పైగా చైనా చేతిలో ఉందన్నది ఇంకో విషయం. కాకపోతే కొన్న ఫలకం పాతికేళ్లు పనిచేస్తుంది. కొన్న గ్యాస్ ఆ రోజుతోనే కాలిపోతుంది. రెంటినీ ఒకే రకం పరాధీనత అనడం సరికాదు.

## నీరు

జలాశయం ఉన్న జల కేంద్రం గ్రిడ్ నడిపేవాళ్లకు వరం. గేటు తెరిస్తే నిమిషాల్లో కరెంటు, మూస్తే ఆగుతుంది, పొగ లేదు, తిరిగే బరువు ఉంది. నార్వే కరెంటులో దాదాపు తొంభై శాతం నీటి నుంచే. బ్రెజిల్, పరాగ్వే కలిసి కట్టుకున్న ఇతాయిపూ సామర్థ్యం 14,000 మెగావాట్లు.

కానీ ఇది ఎంచుకునేది కాదు, ప్రకృతి ఇవ్వాల్సింది. మంచి చోట్లన్నీ చాలా దేశాల్లో ఎప్పుడో కట్టేశారు. కొత్తది కట్టాలంటే ఊళ్లు మునగాలి, అడవులు మునగాలి. కరవు వస్తే మొత్తం తలకిందులవుతుంది. కరెంటు కోసం ప్రధానంగా కరీబా వంటి జలాశయాల మీద ఆధారపడిన జాంబియాలో 2024 కరవుకు రోజులో ఎక్కువ గంటలు కోతలే నడిచాయి. ఆనకట్ట తెగితే జరిగే నష్టం కూడా ఊహకందదు. 1975లో చైనాలో బాన్‌చావ్ ఆనకట్ట తెగినప్పుడు అధికారిక లెక్కల్లోనే పాతిక వేల మందికి పైగా పోయారు.

నీటిలో ఇప్పుడు నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది పంప్డ్ స్టోరేజీ. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదులుతారు. పెట్టిన కరెంటులో ముప్పావు వంతు తిరిగి వస్తుంది. వేల్స్‌లో 1984 నుంచి నడుస్తున్న డినోర్విగ్ కేంద్రంలో యంత్రాలను ముందే గాలిలో తిప్పుతూ ఉంచితే, పదిహేను సెకన్ల లోపే 1,300 మెగావాట్ల దాకా అందుకుంటాయి. నది మీదే కట్టాలని లేదు. ఎత్తు, పల్లం ఉన్న కొండ ప్రాంతం ఉంటే చాలు, కాబట్టి పెద్ద ఆనకట్టల కంటే దీనికి చోటు దొరకడం తేలిక.

## అణువు

ఇక్కడ భయాన్నీ లెక్కనూ విడదీసి చూడాలి. వంద కోట్ల యూనిట్ల ఉత్పత్తికి ఎన్ని ప్రాణాలు పోతున్నాయన్న అంచనాల్లో, ప్రమాదాలూ వాయు కాలుష్యమూ కలిపి చూస్తే, బొగ్గుకు సుమారు 25, గ్యాస్‌కు దాదాపు 3 వస్తాయి. అణు, సౌర, పవన విద్యుత్తుల్లో ఒక్కొక్కటీ 0.1 కూడా దాటదు. 1986 చెర్నోబిల్, 2011 ఫుకుషిమా ఆ లెక్కలో కలిసే ఉన్నాయి. ఫుకుషిమాలో భూకంపానికి రియాక్టర్లు ఆగిపోయాయి. వాటిని చల్లబరచాల్సిన డీజిల్ జనరేటర్లను సునామీ ముంచడంతో ఇంధనం కరిగింది. ఆ పాఠం చిన్నది కాదు. కానీ ప్రతిరోజూ నిశ్శబ్దంగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే బొగ్గు పొగ ముందు అణు ప్రమాదాన్నే పెద్ద భూతంగా చూపడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యర్థాలకూ దారి లేకపోలేదు. వెయ్యి మెగావాట్ల రియాక్టర్‌కు ఏడాదికి పాతిక టన్నుల అటూ ఇటూ ఇంధనం చాలు. అదే సామర్థ్యం ఉన్న బొగ్గు కేంద్రానికి ముప్పై నలభై లక్షల టన్నుల బొగ్గు కావాలి. వాడేసిన అణు ఇంధనాన్ని శాశ్వతంగా పాతిపెట్టడానికి ఫిన్లాండ్ 'ఒంకలో' అన్న పేరుతో నాలుగు వందల మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తొలిచింది.

అసలు సమస్య డబ్బూ కాలమూ. ఫ్రాన్స్‌లో ఫ్లమాన్‌విల్ మూడో రియాక్టర్ పని 2007లో మొదలైంది, 2012కు పూర్తి కావాల్సింది. గ్రిడ్‌కు కలిసింది 2024 డిసెంబరులో. 330 కోట్ల యూరోలన్న అంచనా నాలుగు రెట్లు అయింది. ఫిన్లాండ్‌లో ఒల్కిలువొటో మూడో రియాక్టర్ 2005లో మొదలై 2023లో పూర్తి స్థాయి ఉత్పత్తికి వచ్చింది. అమెరికాలో వోగ్టిల్ కథా అలాంటిదే. ఇన్నేళ్లు పెట్టుబడి మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, ఒక్క యూనిట్ కరెంటూ రాదు.

అయితే అన్ని చోట్లా అలా జరగలేదు. అదే ఫ్రాన్స్ 1974లో నిర్ణయం తీసుకుని, ఒకే రకం నమూనాలను వరసగా కడుతూ పోయి, పదిహేనేళ్లలో యాభైకి పైగా రియాక్టర్లు నిలబెట్టింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2012లో బరాకా పని మొదలుపెట్టి 2024కల్లా నాలుగు రియాక్టర్లూ నడిపించింది. దేశపు కరెంటులో పావు వంతు ఇప్పుడు అక్కడి నుంచే. ఒకటే నమూనా, ఆగకుండా కట్టే బృందం, మధ్యలో మారని నిబంధనలు, చవక అప్పు ఉంటే అణు విద్యుత్తు గిట్టుబాటవుతుంది. ఒక్క రియాక్టర్ కట్టి చూద్దామనుకునే దేశానికి మాత్రం చాలా ఖరీదవుతుంది.

నడుస్తున్న రియాక్టర్‌ను మూయాలా అన్నది, కొత్తది కట్టాలా అన్నది రెండు వేరు ప్రశ్నలు. వాదనల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. జర్మనీ తన చివరి మూడు రియాక్టర్లను 2023 ఏప్రిల్ 15న మూసింది, బొగ్గుకు మాత్రం చట్టంలో 2038 దాకా గడువు పెట్టుకుంది. కట్టిన ఖర్చు తీరిపోయి, భద్రతా పరీక్షల్లో నెగ్గుతున్న రియాక్టర్ కంటే ముందు మూయాల్సింది బొగ్గు కేంద్రాన్ని. ఈ వరస తారుమారు కావడం నాకు బాధ కలిగిస్తుంది.

అణు విద్యుత్తును నూటికి నూరు పాళ్లు నమ్ముకోకూడదని కూడా ఫ్రాన్సే చూపించింది. 2022లో కొన్ని రియాక్టర్ల పైపుల్లో పగుళ్లు కనబడ్డాయి. అదే నమూనావి ఎన్నో ఉండటంతో చాలావాటిని ఒకేసారి ఆపి తనిఖీ చేయాల్సి వచ్చింది. ఆ వేసవిలో రియాక్టర్లను చల్లబరిచే నదుల నీళ్లు వేడెక్కడంతో మరికొన్నిటిని తగ్గించారు. ఎప్పుడూ కరెంటు అమ్మే దేశం ఆ ఏడాది నికరంగా కొనుక్కుంది.

## బొగ్గు

బొగ్గుకు అనుకూలంగా ఒక నిజాయితీ గల వాదన ఉంది. కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి, గని సొంతది, వేల కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి, రాత్రీ పగలూ కరెంటు వస్తుంది. కరెంటు అందని ఇళ్లు లక్షల్లో ఉన్న దేశానికి ఈ మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

కానీ కొత్త బొగ్గు కేంద్రానికి ఇవాళ సమర్థన దొరకడం కష్టం. యూనిట్‌కు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, బూడిద, సూక్ష్మ ధూళి, గుక్కెడు నీళ్లు దొరకని చోట కూలింగ్ టవర్లకు కావలసిన నీళ్లు. పైగా ఎండ ఎక్కువగా ఉన్న గ్రిడ్‌లో దాని స్వభావమే ఇబ్బంది. పూర్తిగా చల్లారిన బాయిలర్‌ను మళ్లీ వెలిగించి పూర్తి లోడ్‌కు తేవడానికి అరపూట నుంచి ఒక పూట పైనే పడుతుంది. మధ్యాహ్నం ఆపి సాయంత్రం నడపడం కుదరదు కాబట్టి కనిష్ఠ లోడ్ మీద కాలుస్తూనే ఉంచాలి. రోజూ పెంచుతూ తగ్గిస్తూ పోతే ట్యూబులు అలిసి పాడవుతాయి. ఇవాళ కట్టే బొగ్గు కేంద్రం నలభై ఏళ్లు నడవాలన్న లెక్కతో అప్పు తెస్తారు. అన్నేళ్లు దానికి తగినన్ని గంటల పని దొరుకుతుందని ఏ ప్రభుత్వమూ హామీ ఇవ్వలేదు.

1882లో లండన్‌లో బొగ్గు కరెంటును మొదలుపెట్టిన బ్రిటన్ 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు కేంద్రాన్ని మూసింది. 2012లో ఆ దేశపు కరెంటులో దాదాపు నలభై శాతం బొగ్గుదే. పన్నెండేళ్లలో సున్నా అయింది. ఆ చోటును ఎక్కువగా గాలి నింపింది, మధ్యలో కొన్నేళ్లు గ్యాస్ ఆదుకుంది.

## గ్యాస్

గ్యాస్ టర్బైన్ పావుగంటలో పూర్తి లోడ్‌కు రాగలదు. కర్బనం బొగ్గులో అరవై శాతం లోపే. ఎండ, గాలి తగ్గినప్పుడు ఆదుకోవడానికి ఇంతకన్నా తగిన యంత్రం ఇప్పటిదాకా లేదు. సమస్య రెండు చోట్ల. పైపుల్లో, బావుల్లో లీకయ్యే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఇక దిగుమతి చేసుకునే దేశమైతే ధర చేతిలో ఉండదు. 2022లో రష్యా యుద్ధం తర్వాత ఐరోపా దీన్ని కళ్లారా చూసింది. అందుకే గ్యాస్‌ను రోజువారీ తిండిగా కాక, గడ్డు రోజుల కోసం దాచుకునే నిల్వగా చూడటం మంచిది.

భూగర్భ ఉష్ణ విద్యుత్తు గురించి ఒక్క మాట. ఐస్‌లాండ్ కరెంటులో దాదాపు ముప్పై శాతం భూమి లోపలి వేడిదే, మిగతాది నీటిది. అగ్నిపర్వతాల నేల ఉన్న దేశం ముందు దీన్నే చూసుకోవాలి. మిగతా దేశాలకు ఇప్పటికి ఇది చిన్న వాటా.

## గ్రిడ్ కూలినప్పుడు ఎవరిని నిందిస్తారు?

ఏ పెద్ద అంధకారం తర్వాతైనా ఒక వర్గం వెంటనే తమకు నచ్చని వనరును బోనులో నిలబెడుతుంది. నాలుగు ఉదాహరణలు పక్కపక్కన పెడితే విషయం వేరుగా కనిపిస్తుంది.

భారత్‌లో 2012 జులై 30, 31 తేదీల్లో గ్రిడ్ కూలి అరవై కోట్ల మందికి పైగా కరెంటు పోయింది. అప్పుడు గ్రిడ్ ప్రధానంగా బొగ్గుదే. లోడ్ మోయలేని లైన్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్పవడం వల్ల జరిగింది.

దక్షిణ ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబరు 28న తుపాను గాలులు ట్రాన్స్‌మిషన్ టవర్లను పడగొట్టాయి. వోల్టేజీ వరసగా కుంగడంతో కొన్ని గాలిమరల కేంద్రాలు తమ రక్షణ సెట్టింగుల ప్రకారం ఉత్పత్తి తగ్గించుకున్నాయి. ఆ లోటు పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైన్ మీద పడి అదీ తెగింది. తర్వాత సెట్టింగులు మార్చారు, 2017లో హార్న్స్‌డేల్ దగ్గర వంద మెగావాట్ల బ్యాటరీ పెట్టారు, తిరిగే బరువు కోసం సింక్రనస్ కండెన్సర్లు, అంటే ఇంధనం కాల్చకుండా గ్రిడ్‌తో కలిసి తిరిగే యంత్రాలు, బిగించారు. ఆ రాష్ట్రం గాలిని వదిలేయలేదు. ఇప్పుడు దాని కరెంటులో దాదాపు డెబ్బై శాతం ఎండా గాలిదే.

టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు గాలిమరలు గడ్డకట్టాయన్న వార్త ముందు పాకింది. అన్నిటికన్నా పెద్ద నష్టం గ్యాస్ వైపు. బావులు, పైపులు, కేంద్రాల పరికరాలు గడ్డకట్టాయి. ఒక అణు యూనిట్ కూడా ట్రిప్పయింది. రాష్ట్ర లెక్కల ప్రకారం 246 మంది చనిపోయారు. ఆదుకోవడానికి పొరుగు గ్రిడ్‌లతో తగినన్ని లైన్లు లేవు.

స్పెయిన్, పోర్చుగల్ 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం చీకట్లో పడినప్పుడు స్పెయిన్ కరెంటులో సగానికి పైగా సౌరమే. కాబట్టి నింద అటే వెళ్లింది. విచారణల్లో తేలింది వోల్టేజీ అదుపు తప్పి పెరుగుతూ పోవడం, దాన్ని అదుపు చేయాల్సిన సంప్రదాయ కేంద్రాలు తగినంత చేయకపోవడం, సౌర కేంద్రాలకు ఆ పని చేసే వీలు ఉన్నా నిబంధనలు అప్పగించకపోవడం.

నాలుగు చోట్లా కారణాలు వేరు. అయినా నాలుగింటిలోనూ లైన్లు, రక్షణ ఏర్పాట్లు, వోల్టేజీ నిర్వహణ, చలికి తట్టుకునే సిద్ధపాటు వంటివే ముందుకొస్తాయి. ఎండా గాలీ పెరిగేకొద్దీ ఈ పనుల అవసరం పెరుగుతుంది, నిజమే. అవి చేయదగ్గ పనులే అని ఐర్లాండ్ చూపిస్తోంది. ఒక దీవి గ్రిడ్ అయి ఉండి కూడా, ఏ క్షణంలోనైనా 75 శాతం దాకా గాలి, ఎండ వంటి వాటితో నడవడానికి అక్కడి నిర్వాహకులు మెట్టు మెట్టుగా పరిమితి పెంచుకుంటూ వచ్చారు.

## ఏ దేశానికి ఏది?

ఏడాది పొడవునా ఎండ, చలికాలం పెద్దగా లేని దేశం. ఇక్కడ ఎంపిక సులువు. సౌరం, దానికి నాలుగు నుంచి ఎనిమిది గంటల నిల్వ, వీలైనచోట గాలి. వర్షాకాలపు మబ్బు రోజులకు నీరో గ్యాసో అండగా ఉంచుకోవాలి. ఏసీల లోడ్ ఎండతో పాటే పెరగడం ఇక్కడ కలిసొచ్చే విషయం.

ఉత్తరాన ఉన్న చలి దేశం. పీక్ లోడ్, అంటే ఏడాదిలో అత్యధిక వాడకం, జనవరి సాయంత్రం వస్తుంది, ఎండ అప్పుడు ఉండదు. సముద్రపు గాలి, పొరుగు దేశాలతో లైన్లు, ఉన్న అణు కేంద్రాలను కాపాడుకోవడం ముఖ్యం. సౌరం ఇక్కడ వేసవికి తోడు మాత్రమే. కొత్త అణు కేంద్రాల వాదనకు అన్నిటికన్నా బలం ఉన్నది ఇక్కడే.

పెద్ద జలాశయాలు ఉన్న దేశం. నీటిని రోజంతా వదలడం మాని, ఎండా గాలీ ఉన్న గంటల్లో ఆపి మిగతా గంటలకు దాచుకోవాలి. ఉరుగ్వే ఇలాగే చేసింది. పదేళ్ల లోపే గాలి వాటాను దాదాపు ఏమీ లేని స్థితి నుంచి మూడో వంతుకు తెచ్చి, తన నీటితో కలిపి నడుపుతోంది. కరవుకు భయపడే జాంబియా లాంటి దేశానికి సౌరం ఒక రకంగా నీటిని పొదుపు చేసే పథకం.

బొగ్గు ఎక్కువగా ఉండి, వాడకం ఏటా పెరుగుతున్న దేశం. ఇదే అన్నిటికన్నా కష్టమైన స్థానం. ఉన్న కేంద్రాలను రేపే మూయలేరు, మూయమని బయటి నుంచి చెప్పడం తేలిక. పెరిగే వాడకమంతా కొత్త సౌర, పవన కేంద్రాల నుంచి తీర్చాలి, పాత బొగ్గు యూనిట్లను తక్కువ లోడ్ మీద నడిచేలా మార్చి సాయంత్రాలకు వాడాలి, వయసు మీరినవాటిని ముందు ఆపాలి. గని కార్మికుల బతుకుదెరువు పథకంలో మొదటి పేజీలో ఉండాలి. అదే నమూనాలో వరసగా రియాక్టర్లు కట్టగల పారిశ్రామిక బలం ఉంటే అణువూ కలుపుకోవచ్చు.

చిన్న దీవులు. డీజిల్ దిగుమతి ధర ముందు సౌరం, బ్యాటరీ ఎప్పుడో గెలిచాయి. పాత డీజిల్ సెట్లను అత్యవసరానికి ఉంచుకుంటే చాలు.

చదివేవారి ప్రాధాన్యం బట్టి కూడా తూకం మారుతుంది. గాలి నాణ్యత, పిల్లల ఆరోగ్యం ముందనుకుంటే బొగ్గును తగ్గించే ఏ మార్గమైనా మేలే, అణువుతో పేచీ పెట్టుకోవాల్సిన పని లేదు. బిల్లే ముఖ్యమైతే పునరుత్పాదక వాటా అరవై డెబ్బై శాతం దాకా వెళ్లడం సాధారణంగా లాభమే. ఆఖరి పది శాతం కోసం పడే పాట్లే ఖరీదు, దాన్ని తొందరపడి ఇప్పుడే కొననక్కర్లేదు. పరాయి దేశాల మీద ఆధారపడకూడదన్నదే ప్రధానమైతే ముందు వదులుకోవాల్సింది దిగుమతి గ్యాస్.

## పథకం చేతికొస్తే అడగాల్సినవి

ఏ పార్టీ, ఏ సంస్థ, ఏ నిపుణుడు విద్యుత్ పథకం చూపించినా ముందు సగటు లెక్కలు పక్కన పెట్టి ఏడాదిలో అతి గడ్డు వారం ఏదో చూపమని అడగండి. ఆ వారంలో ప్రతి గంటా కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలగాలి. ఆ తర్వాత, కేంద్రాలు కట్టే వేగంతో లైన్లు కడుతున్నారా అని అడగండి. సౌర కేంద్రం ఏడాదిలో పూర్తయి, లైన్ అయిదేళ్లకు వస్తే మధ్యలో నాలుగేళ్ల ఎండ వృథా.

ఇక చివరిది, చాలామంది తప్పించుకునేది. గడ్డు రోజుల కోసం ఉంచిన గ్యాస్ కేంద్రం ఏడాదికి రెండు వందల గంటలే నడిస్తే, మిగతా 8,560 గంటలు ఊరికే సిద్ధంగా నిలబడి ఉన్నందుకు దానికి డబ్బు ఎవరిస్తారు? యూనిట్ల అమ్మకంతో అది బతకదు. బ్రిటన్ 2014 నుంచి ఇందుకోసం వేలం నడుపుతోంది. అవసరమైనప్పుడు అందుబాటులో ఉంటామని ఒప్పుకున్న కేంద్రాలకు, బ్యాటరీలకు, పీక్ వేళ వాడకం తగ్గించుకునే ఫ్యాక్టరీలకు ఏటా ఒక మొత్తం ఇస్తుంది, పిలిచినప్పుడు రాకపోతే జరిమానా వేస్తుంది. ఆ ఖర్చు అందరి బిల్లుల్లోనూ కొద్దికొద్దిగా పడుతుంది. పథకంలో ఈ పద్దు ఎక్కడుందో, ఎంతుందో చూపించమనండి.